238 మందిలో 30 మంది

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాలు. 21 మంది ఆశా వర్కర్లు, పీహెచ్‌సీ డాక్టర్లు ఇద్దరు. ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. దాదాపు దశాబ్దం కిందట జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో మొదలుపెట్టిన పని ఇది. ఆశా వర్కర్ ఇంటికి వెళ్తుంది. అరుగు మీదో నులక మంచం మీదో కూర్చుని ట్యాబ్‌లో వచ్చే ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతుంది. నిద్ర పడుతోందా, పనిమీద ధ్యాస నిలుస్తోందా, ఎందుకీ బతుకు అనిపిస్తోందా. మార్కులు వేసే పని ట్యాబ్‌ది. గీత దాటినవాళ్ళ వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరతాయి. ఏ జబ్బుకు ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఆయన ట్యాబ్ దారి చూపిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమని గుర్తుచేస్తూ ఫోన్లకు రికార్డు చేసిన మాటలు కూడా వెళ్ళాయి.

2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 5,007 మందిని అడిగారు. 238 మందికి కుంగుబాటో ఆందోళనో ఉండవచ్చని తేలింది. ఆ 238 మందిలో అంతకుముందు మానసిక వైద్యం మొహం చూసినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. ట్యాబ్ చెప్పాక, ఆశా వర్కర్ చెప్పాక, ఫోన్ కూడా చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు 30 మంది.

ఇద్దరు ముప్పై మంది అయ్యారంటే పదిహేను రెట్లు. ఏ పథకానికైనా చిన్న విజయం కాదు. కానీ 208 మంది ఇంట్లోనే ఉండిపోయారన్నదీ అదే లెక్క. మానసిక వైద్యంలో టెక్నాలజీ ఏం మార్చింది, ఏం మార్చలేదు అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండు అంకెలే. కనిపెట్టడం సులువైంది. కనిపెట్టాక ఆ మనిషిని కుర్చీ దాకా తీసుకొచ్చే పని మాత్రం ఉన్నచోటే ఉంది.

మిగతా వైద్యానికీ దీనికీ ఒక తేడా ఉంది. షుగరుకు రక్తపరీక్ష ఉంది, ఎముక విరిగితే ఎక్స్‌రే ఉంది. డిప్రెషన్‌కో స్కిజోఫ్రీనియాకో ఇదిగో అని చేతికిచ్చే రిపోర్టు ఈ రోజుకీ లేదు. స్కాన్ తీయిస్తారు, నిజమే. మెదడులో కణితి లాంటిది లేదని తేల్చుకోవడానికి. రోగి చెప్పింది, ఇంట్లోవాళ్ళు చెప్పింది, డాక్టరు కళ్ళారా చూసింది – జబ్బు పేరు తేలేది ఈ మూడింటి మీదే. డబ్బులు పోసి స్కాన్ తీయించుకుని, ‘అంతా నార్మల్’ అన్న కాగితం పట్టుకుని, ‘మరి నాకేం లేదన్నమాట’ అనుకుంటూ ఇంటికెళ్ళి అలాగే కుంగిపోయినవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో.

ఈ లోటును సైన్స్‌తో పూడ్చాలని బయల్దేరినవాళ్ళలో థామస్ ఇన్సెల్‌ది ఆసక్తికరమైన కథ. 2002 నుంచి 2015 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు ఆయన డైరెక్టరు. జన్యువుల్లో, నాడీకణాల్లో జవాబు దొరుకుతుందని పరిశోధనలకు నిధులు గుమ్మరించాడు. దిగిపోయాక ఒక ఇంటర్వ్యూలో నిజాయితీగా ఒప్పుకున్నాడు: సుమారు 2,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, గొప్ప పరిశోధన పత్రాలు వచ్చాయి, ఆత్మహత్యలు మాత్రం తగ్గలేదని. అక్కడి నుంచి గూగుల్ గూటికి, ఆపైన మైండ్‌స్ట్రాంగ్ అనే కంపెనీకి వెళ్ళాడు. ఫోన్ తెర మీద వేలు ఎలా కదులుతోందో, ఎంత వేగంగా టైపు చేస్తున్నామో గమనించి జబ్బు ముదరకముందే పట్టేయాలన్నది దాని ఆలోచన. 2023లో ఆ కంపెనీ మూతపడింది. అంతకు ఏడాది ముందే ఇన్సెల్ పుస్తకం రాశాడు. కోలుకోవడానికి మనుషులు, ఉండటానికి ఒక చోటు, బతకడానికి ఒక పని కావాలని అందులో తేల్చాడు. మా ఊరి పెద్దలు ఈ ముక్క ఉచితంగా చెప్పేవారు అనిపిస్తుంది గానీ, అది అన్యాయం. ఊరి పెద్దలు అదే నోటితో దెయ్యం వదిలించమని కూడా చెప్పేవారు.

యంత్రాలన్నీ వమ్మయ్యాయని కాదు. అన్నిటికంటే పాతదే, అందరూ జడుసుకునేదే అన్నిటికంటే బాగా పనిచేస్తోంది. మా పెద్దమ్మకు పెళ్ళైన కొత్తలో ‘కరెంటు పెట్టించారు’ అని ఇంట్లో గుసగుసగా అనుకునేవారు. ఏ ఆసుపత్రిలోనో ఎవరూ పైకి చెప్పేవారు కాదు. మత్తు ఇవ్వలేదట, నలుగురు గట్టిగా పట్టుకున్నారట. ఆవిడ ఆ తర్వాత బాగానే బతికింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. కానీ బావి మోటారు స్విచ్చి మాత్రం తన చేత్తో ఎప్పుడూ వేసేది కాదు, పిల్లల్ని కేకేసేది.

రోమ్‌లో 1938లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టిన ఈసీటీ – మన వాడుకలో షాక్ ట్రీట్‌మెంట్ – ఇప్పుడు ఎలా ఉంటుందో చూస్తే మా పెద్దమ్మ గుర్తుపట్టదు. రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉంచుతారు. పొద్దున్నే బల్ల మీద పడుకోబెట్టి నరానికి సూది వేసి మత్తు ఇస్తారు. కండరాలు వదులయ్యే మందు ఎక్కించే ముందు ఒక కాలి చీలమండకు బీపీ పట్టీ చుట్టి గట్టిగా బిగిస్తారు. దాంతో ఆ మందు పాదంలోకి దిగదు. పళ్ళ మధ్య మెత్తటి ముక్క పెట్టి, కణతల దగ్గర కొన్ని క్షణాలు కరెంటు ఇస్తారు. మెదడులో ఫిట్స్ వస్తాయి, శరీరంలో ఏమీ కనిపించదు. ఆ ఒక్క పాదమే, అందులోనూ బొటనవేలు, అర నిమిషమో నిమిషమో అదురుతుంది. డాక్టరు దాన్నీ, పక్కన ఈఈజీ గీతనీ చూస్తూ సెకన్లు లెక్కపెడతాడు. అంతే. సినిమాల్లో విలన్ మనుషులు హీరోయిన్‌ను మంచానికి కట్టేసి షాకులిచ్చే సీను తీసినవాళ్ళెవరూ ఆ బొటనవేలిని చూసి ఉండరు.

తిండి మానేసి, మాట పడిపోయి, చావు తప్ప వేరే ధ్యాస లేని స్థితిలో ఉన్నవాళ్ళను లేపి కూర్చోబెట్టడంలో ఈసీటీకి సాటివచ్చే మందు ఇంకా రాలేదు. జ్ఞాపకశక్తి మీద దెబ్బ పడుతుందన్నదీ అబద్ధం కాదు. చికిత్స జరిగిన రోజుల సంగతులు చాలామందికి చెదిరిపోతాయి, కొందరికి అంతకు ముందువీ పోతాయి. ఇది చెప్పకుండా చేయించడం తప్పు. మత్తు లేకుండా, కండరాల మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మైనర్లకైతే సంరక్షకుల అంగీకారంతో పాటు బోర్డు అనుమతీ కావాలి. రోగుల్ని గొలుసులతో కట్టడాన్ని నిషేధించిందీ ఆ చట్టమే. ఇక్కడ మేలు చేసింది కొత్త యంత్రం కాదు. పాత యంత్రం చుట్టూ మత్తు డాక్టరును, ఆక్సిజన్‌ను, సంతకాన్ని నిలబెట్టిన పద్ధతి.

కరెంటు బదులు అయస్కాంతం వాడే టీఎంఎస్ ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో హోర్డింగులెక్కింది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని మొదటిసారి చూపించింది. 2008లో అమెరికా ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కు ఆమోదించింది. మత్తు అక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే తలకు ఒక పక్క తీగచుట్ట ఆనిస్తారు, వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకమని చప్పుడు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. పూట పూటకీ అరగంట పైగా కూర్చోవాల్సిన పనిని మూడు నిమిషాలకు కుదించినా ఫలితం తగ్గదని కెనడాలో జరిగిన పరీక్ష 2018లో తేల్చింది. నా దృష్టిలో ఈ రంగంలో నిజంగా పనికొచ్చే వార్త అది. ఒకే కుర్చీలో పదిమంది బదులు యాభై మంది కూర్చోవచ్చు. మందులకు లొంగని డిప్రెషన్‌లో రమారమి సగం మందికి టీఎంఎస్ వల్ల గుణం కనిపిస్తుంది. అయితే హోర్డింగు మీద డిప్రెషన్‌తో ఆగరు. పిల్లల చదువు, మతిమరుపు, తాగుడు, తలనొప్పి అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. మాకు తెలిసినవాళ్ళ అబ్బాయికి ఇలాంటి చోటొకటి పరీక్షల భయానికి ముప్పై పూటల ప్యాకేజీ అంటగట్టింది. డబ్బు ముందే కట్టించుకున్నారు. అంతకుముందు ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడినవాళ్ళు మాత్రం లేరు.

మెదడులో తీగలు అమర్చే శస్త్రచికిత్స, ఎత్తులంటే భయాన్ని కళ్ళద్దాల తెర మీద బొమ్మలతో పోగొట్టే వర్చువల్ రియాలిటీ – వీటి గురించి పత్రికలు రాసినంతగా రోగులకు అవి అందలేదు. మొదటిది మొండి ఓసీడీ ఉన్న బహు కొద్దిమందికి. రెండోది మంచిదే, మన దాకా రావడానికి టైము పడుతుంది.

మన దగ్గర నిజంగా చేతుల్లోకి వచ్చింది ఫోన్. 12 రాష్ట్రాల్లో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చాలా జబ్బుల్లో పది మందిలో ఏడుగురికి పైగా వైద్యం అందడం లేదు. ఆ పన్నెండింటిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. మన లెక్క మనకు ఆ సర్వేలోంచి దొరకదు. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఫోన్ తప్ప దారేముంది? 2020 మార్చిలో కరోనా మీద పడ్డాక టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటిదాకా ఫోన్లో మందు రాయాలంటే డాక్టర్లకే గుబులు. 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. 14416కు చేస్తే తెలుగుతో సహా 20 భాషల్లో కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. సారథ్యం బెంగళూరు నిమ్హాన్స్‌ది. 2025 నాటికి కాల్స్ 20 లక్షలు దాటాయి. ‘ఎర్రగడ్డకు పంపాలి నిన్ను’ అన్నది నేటికీ వేళాకోళమైన చోట, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల గేటు దాటకుండా, ఎవరి కంటా పడకుండా తన బాధ చెప్పుకోగలగడం చిన్న సంగతి కాదు.

ఎవరి కంటా పడకపోవచ్చు, చెవిన పడకుండా ఎలా? రెండు గదుల ఇంట్లో అత్తగారు వంటింట్లో ఉంటే కోడలు ఏం చెప్పుకుంటుంది? డాబా మీదికెళ్ళి మాట్లాడితే పక్క డాబా వాళ్ళుంటారు. వీడియోలో ఫోన్ పట్టుకునేది కొడుకో భర్తో. డాక్టరు అడిగేది ఆమెను, జవాబు చెప్పేది ఆయన. గదిలోనైతే ‘మీరు కాసేపు బయట కూర్చోండి’ అనే వీలుంది. తెరలోంచి ఆ మాట అనలేరు, అన్నా తలుపు పక్కన నిలబడింది ఎవరో తెలియదు. వేళ్ళు వణుకుతున్నాయా, నడక మందగించిందా అన్నదీ కనిపించదు. అమెరికాలో చదువుకుంటున్న కుర్రాడికి చాటు ఉంది, కష్టం వేరే. అక్కడి అర్ధరాత్రి, ఇక్కడి పగలు. తెలుగులో బాధ వినే కౌన్సెలరు హైదరాబాద్‌లోనే దొరుకుతుంది, మందు రాయాలంటే ఇక్కడి డాక్టరుకు అక్కడ హక్కు లేదు.

చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పుదుక్కోట్టై జిల్లాలో నడిపిన బస్సు నాకు ఇందుకే నచ్చుతుంది. పల్లెకు బస్సు వస్తుంది. లోపల తెర మీద చెన్నై డాక్టరు కనిపిస్తారు. అదే బస్సులో మందుల కొట్టు కూడా ఉంటుంది. డాక్టరు రాసిన మందు అక్కడికక్కడే చేతిలో పడుతుంది. వీడియో కంటే ఆ మందుల అలమరకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. వైద్యం సగంలో ఆగేది చాలాసార్లు మాటల దగ్గర కాదు, మందు దొరక్కపోవడం దగ్గర.

చాట్‌బాట్‌ల మీద ఇప్పుడు పెద్ద గోల. దీనికి వయసు ఎక్కువే. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. మనం అన్న మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి అడగడం దాని పని. దాన్ని తయారు చేస్తుండగా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ కాసేపు గది బయటికి వెళ్ళమని ఆయన్ని అడిగింది. వైజెన్‌బామ్ బెదిరిపోయాడు, శేషజీవితం యంత్రాల మీద అలాంటి నమ్మకాన్ని విమర్శిస్తూ గడిపాడు. బెదరడం సరే, కానీ ఆమెకు ఆ క్షణాన వినే మనిషి దగ్గరలో లేడన్న సంగతి ఆయన ఎక్కువగా పట్టించుకోలేదేమో.

ఆ దారిలో వచ్చినవాటిలో మన బెంగళూరులో పుట్టిన వైసా ఒకటి. జో అగర్వాల్, రామకాంత్ వెంపటి ప్రారంభించారు. 2017లో వచ్చిన వోబాట్ యాప్‌ను 2025 జూన్ ఆఖరున మూసేశారు. అమెరికాలో తిండి రుగ్మతల సంఘం ఒకటి 2023లో మనుషుల హెల్ప్‌లైన్ ఆపేయాలని తేల్చి, టెస్సా అనే బాట్‌ను ముందుకు తెచ్చింది. తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళకు అది బరువు తగ్గే చిట్కాలు చెప్పింది, పీకేశారు. మరోపక్క డార్ట్‌మౌత్ పరిశోధకులు తయారుచేసిన థెరాబాట్‌ను 210 మందితో పరీక్షించి, వాడినవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు సగటున సగానికి తగ్గాయని 2025లో ప్రకటించారు. మంచి ఫలితమే. కానీ పోల్చింది ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవాళ్ళతో. పైగా బాట్ అన్న మాటల్ని వెనక నుంచి మనుషులు గమనిస్తూ వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రం కృత్రిమ మేధ తనంతట తాను థెరపీ చేయకూడదని చట్టం తెచ్చింది.

బాట్‌కు తెలుగు వచ్చు. తెలుగువాళ్ళు బాధను ఎలా చెబుతారో వచ్చా? మన ఆడవాళ్ళు డిప్రెషన్ అనరు. ‘అరికాళ్ళు మంటలు’ అంటారు, ‘తల దిమ్ముగా ఉంది’ అంటారు, ‘గుండెల్లో గాభరా’, ‘నరాల వీక్‌నెస్’. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని వస్తారు. ‘నేను పోతే మీ అందరికీ పీడా విరగడవుతుంది’ అన్నది కొన్ని ఇళ్ళలో రోజూ కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడల్లా వినిపించే మాట. అదే మాట ఎప్పుడూ అనని మనిషి, నగలు కూతురికి ఇచ్చేసి, మెల్లగా అంటే? మాట ఒకటే. తేడా అంతా అన్న తీరులో, అంతకుముందు వారం రోజుల్లో ఉంది. పక్కింటి పిన్నిగారు పసిగడతారు. ఆశా వర్కర్ పసిగట్టొచ్చు. అక్షరాలే చూసే యంత్రం ఇద్దరికీ ఒకే జవాబు ఇస్తే అది దాని తప్పు కాదు, దాన్ని అక్కడ కూర్చోబెట్టినవాళ్ళ తప్పు.

చెప్పుకున్న గుట్టు ఎక్కడ నిలవ ఉంటుందన్న భయం ఒకటుంది. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగల పాలయ్యాయి. 2020లో రోగులకే నేరుగా బెదిరింపు మెయిళ్ళు వచ్చాయి: డబ్బు కట్టకపోతే నువ్వు డాక్టరుకు చెప్పుకున్నవన్నీ బయటపెడతామని. కాగితం కేసు షీటు బీరువాలో ఉన్నంతకాలం వేలమందిని ఒకేసారి బెదిరించడం ఎవరి తరమూ కాలేదు.

పక్కదారి అనుకోకపోతే ఒక మాట. ఆత్మహత్యల్ని పెద్ద ఎత్తున తగ్గించిన ఉదాహరణ ఏ యాప్‌దీ కాదు, శ్రీలంకది. అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే మార్కెట్ నుంచి తప్పిస్తూ వచ్చారు. 1995తో పోలిస్తే ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో 70 శాతం దాకా తగ్గింది. పత్తి, మిర్చి పండించే మన జిల్లాలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది? దీనికి స్టార్టప్ పెట్టలేరు కాబట్టి సదస్సుల్లో వినిపించదు.

అలా వినిపించనిదే ఇంకొకటి లిథియం పరీక్ష. బైపోలార్ జబ్బుకు 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మొదలుపెట్టిన ఈ మందు ఇప్పటికీ మేటి. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మందు, 1.5 దాటితే విషం. రోహిణీ కార్తెలో పొలంలో చెమటోడ్చినా, విరేచనాలు పట్టుకున్నా, ఒళ్ళు నొప్పులకు కొట్లో అడిగి మాత్ర వేసుకున్నా మోతాదు మారకుండానే రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. పరీక్ష ఖరీదైనదేం కాదు. కానీ చిన్న ఊళ్ళో రక్తం తీసి నగరానికి పంపాలి, రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇంటింటికీ షుగర్ మిషన్ వచ్చింది. లిథియానికి ఆ భాగ్యం మన పల్లెల్లో ఇంకా పట్టలేదు.

మొదట్లో చెప్పుకున్న ఆ 208 మంది డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో ఊహించడం కష్టం కాదు. పీహెచ్‌సీకి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, ఆటో డబ్బులు అదనం, వరుసలో ఎవరో ఒకరు ‘నీకేమైంది’ అని అడుగుతారు. స్మార్ట్ వాళ్ళు అక్కడితో ఆగలేదు. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద పరీక్ష చేశారు. ఈ పద్ధతి అమలైన ఊళ్ళలో కుంగుబాటు మార్కులు మిగతా ఊళ్ళకంటే ఎక్కువగా తగ్గాయి. అక్కడ ట్యాబ్ చేసిన పనుల్లో ఒకటి, ఎవరింటికి మళ్ళీ వెళ్ళాలో ఆశా వర్కర్‌కు చూపించడం. వెళ్ళడం ఆమె వంతు. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, టీబీ మందుల లెక్క చూసుకుని, ఆ తర్వాత. ఆంధ్రప్రదేశ్‌లో ఆమె గౌరవ వేతనాన్ని 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. ట్యాబ్‌కు చార్జింగ్ పెట్టేదీ ఆమే.